రెండోసారి, సాయంత్రానికే

హల్ ఇన్ఫర్మరీ ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా నా పని ఇదే.
ఎవరిదో చర్మపు ముక్కని మైనంలో నిలబెట్టి
ఉల్లిపొర సిగ్గుపడేంత పల్చగా కోయడం,
నీలంలో, గులాబీలో ముంచి తీయడం,
గాజు మీద పరిచి, పేరు చదవకుండా పక్కన పెట్టడం.

ఈ బుధవారం చదివాను.
అక్కల హైమావతి. నలభై మూడు. ఎడమ మణికట్టు.
కోత కాస్త వంకర.
నేను వార్డులో పడున్నప్పుడు కెల్విన్ కోసినట్టున్నాడు.

మొదటిసారి తునిలో. పందొమ్మిదేళ్ళప్పుడు.
మూత్రంలో మంటంటే కాంపౌండరు
పాత క్యాలెండరు కాగితంలో పొట్లం కట్టిచ్చిన తెల్ల మాత్రలు.
పేరు నేనడగలేదు, అతను చెప్పలేదు.
పదో రోజుకి మణికట్టు మీద రూపాయి బిళ్ళంత ఎరుపు,
పెదవి మీద ఓ పొక్కు.
"వేడి చేసిందే," అంది మేనత్త,
సబ్జా గింజలు నానబెట్టి గ్లాసు చేతికిచ్చింది.
తగ్గింది.
మచ్చ మాత్రం వంకాయ రంగుకి తిరిగి అక్కడే ఉండిపోయింది.
దాని మీదికి గాజులు లాక్కుని మర్చిపోయాను.

మర్చిపోయింది నేను.

చర్మం నెలనెలా రాలి కొత్తది పుడుతుందంటారు.
ఆ లెక్కన దగ్గరదగ్గర మూడొందల చర్మాలు విడిచాను,
ఊరు విడిచాను, ఇంటిపేరు ఇక్కడివాళ్ళ నోట
ముక్కలవుతుంటే వినడం అలవాటు చేసుకున్నాను.
అడుగు వరసలో కొన్ని కణాలు మాత్రం
ఇల్లు ఖాళీ చెయ్యలేదు.

ప్రతి కణం గుమ్మంలో ఓ ప్రోటీన్ దోసిలి ఉంటుంది,
అమ్మ వైపు నుంచో నాన్న వైపు నుంచో వచ్చింది.
లోపలి సంగతులు దోసిట్లో పెట్టి
కాపలావాళ్ళకి చూపించడం దాని కొలువు.
అందులో మందు వచ్చి కూర్చుంటే
సొంత గుమ్మమే పరాయిదై కనిపిస్తుంది.

ఫిబ్రవరిలో మళ్ళీ అదే మంట.
స్ప్రింగ్ బ్యాంక్ మందులషాపులో కుర్రాడు అడిగాడు,
ఎలర్జీలేమైనా ఉన్నాయా?
లేవన్నాను. ఒట్టు, అబద్ధం కాదు.
డబ్బా మీద పేరు కొత్తది, లోపల మందు పాతది.
మధ్యాహ్నం పన్నెండింటికి మింగాను.
నాలుగింటికి బస్సులో, వాచీ కింద దురద.
పది రోజులు కాదు, నాలుగు గంటలు.
బయట మీగడ రంగు ఫోన్‌బూత్ ఒకటి వెనక్కి జారింది,
దాన్ని చూస్తూ గోకుతూనే ఉన్నాను.
రాత్రికి కనురెప్పలు, పెదవులు.
తెల్లారేసరికి వీపు మీద
కాచిన పాల మీది పొరలా చర్మం లేచింది.

వేడిపాలకి మూతి కాలిన పిల్లి
గిన్నె కనబడితే పరుగు తీసిందని కదా విన్నాం.
నా ఒంట్లో పిల్లి పరుగు తీయదు.
గిన్నె చూడగానే
వంటిల్లు తగలబెడుతుంది.

డాక్టర్ ఫొలారిన్ మంచం అంచున కూర్చుని అడిగింది,
మొదటిసారి ఎప్పుడు?
మొదటిసారి లేదన్నాను.
ఆవిడ వాదించలేదు. నా చెయ్యి తిప్పి
ఆసుపత్రి ఎర్రపట్టీని రెండు వేళ్ళ వెడల్పు పైకి జరిపింది.
చూడు, అంది.

ఇప్పుడు లెన్సు కింద అవే.
అడుగు వరస వెంబడి నీలం చుక్కలు, గుంపుగా.
వాటి పైన రంగు వెలిసిన కణాలు,
దీపాలారిపోయిన వీధిలా.
కోపం రాలేదు.
ఏ వైరస్ తిరిగొస్తుందోనని మేలుకున్న నౌకర్లు,
తలుపు తట్టింది ఎవరో సరిగా చూడలేదు, అంతే.
వీళ్ళకి సెలవు లేదు. పింఛను లేదు.
మూడోసారి నాలుగు గంటలు కూడా ఇవ్వరు.

అప్పుడు మచ్చ మీద గాజులు.
ఇప్పుడు గాజు మీద మచ్చ.

కెల్విన్ వెనకనుంచి అడిగాడు,
మళ్ళీ కొయ్యనా, బాగా రాలేదు కదా?
వద్దన్నాను.
ఫిబ్రవరి ట్రేలో, ఎవరిదో పుట్టుమచ్చకీ
ఎవరిదో పులిపిరికీ మధ్య దాన్ని నిలబెట్టి
తర్వాతి ముక్క అందుకున్నాను.
ఈసారి పేరు చదివాను.