బోర్లించిన అట్టలు

తెల్లారి ఆరుకే షట్టరు సగం లేపి
నా చేతికి తుపాకి ఇస్తాడు ధనకోటి సారు.
దాంట్లో గుండ్లుండవు, అంకెలుంటాయి.
టక్కుమంటే ఒక ధర, టక్కుమంటే ఇంకోటి.
నిన్న తొంభై ఎనిమిది, ఈపొద్దు నూటా పదహారు.
కందిబేడల పాకెట్టుకు నొప్పి తెలీదు.
నాకే, బొటనవేలి కాడ కాయ కాసింది.

బైరాగిపట్టెడలో మా అంగడి.
యెనక వీధిలో నిలబడితే కొండ కనబడతాది.
మెట్ల దారిలో మనిషి అలికిడి లేదు.
బస్సుల్లేవు, గోవిందల్లేవు.
మా ఆయన తోలే జీపు మీద
కానుగాకులు రాలి కుళ్లిపోతా ఉండాయి.
ఊరంతా దేవుడి మీద బతికేది గదా,
ఆయన తలుపేసుకుంటే
మా పొయ్యికి గూడా గడియ పడింది.

మొదట పోయింది చక్కెర మీద రెండు రూపాయలు.
తరవాత సబ్బుతో వచ్చే సబ్బు.
బుధవారం ఎర్రగడ్డలు సగం ధరకే అనే బ్యానరును
నిచ్చెనేసి, పీనుగును దించినట్టు మెల్లిగా దించినారు.
కడాన, పనిచేసేవాళ్లకిచ్చే నూటికి అయిదు.
దానికి చెప్పడం గూడా లేదు,
నా బిల్లులో ఒక గీత తగ్గింది, అంతే.
అడిగితే సారు మాస్కు సర్దుకున్నాడు.
"లారీలు రావడం లేదమ్మా, అంతా పైనుంచే" అన్నాడు.
పైన అంటే నేను కొండ తట్టు చూసినా.
ఆయన సెల్‌ఫోను తట్టు చూసినాడు.

ఆఫర్ల అట్టలు మిగిలినాయి, పసుపచ్చవి, నూటాయాభై దాకా.
పారెయ్యొద్దన్నాడు.
బోర్లించి, తెల్లపక్క సున్నా గీసి
రెండు గజాలకొకటి నేలకు అంటించమన్నాడు.
మోకాళ్ల మీద పాక్కుంటా నేనే అంటించినా,
గడప కాడ నుంచి రోడ్డుమీది పాలబూతు దాకా.
ఇప్పుడు జనం డిస్కౌంట్ల మీద నిలబడుకోని
డిస్కౌంట్లు యాడికి పోయినాయని నన్నడుగుతారు.

కొర్లగుంట దొరస్వామి, లాడ్జీలో దుప్పట్లు మార్చేటాయన,
నూనె పాకెట్టు ఎత్తుకోని గోరుతో గీకుతాడు.
నూటా నలభై కింద నూటా ఇరవై ఎనిమిది,
దాని కింద నూటా పది,
దానికీ కింద తొంభయ్యారు.
శాసనం చదివినట్టు చదివి
"ఈ అడుగుదాని లెక్కన ఇయ్యి పాపా" అన్నాడు.
ఎగతాళికనుకున్నా. ఆయన నవ్వలా.
బిల్లు మిషను గోరు మాట వినదు గదా.
పాకెట్టు అరలో పెట్టేసి ఉప్పు ఒకటి కొన్నాడు,
ఉప్పు ఒక్కటే ఇంకా అంటుకోలేదని.

నాకొకటి అప్పుడే తెలిసింది.
కంపెనోళ్లు అచ్చేసిన ధర
ఎప్పుడూ అదే, పాకెట్టు యెనక, చీమల్లాంటి అక్షరాల్లో.
దానికీ మా లేబులుకూ నడమ
ఇంత సందు ఉండేది.
ఆ సందులోనే మేమందరం కాపురం చేసినాం.

మజ్జానం, ఎండలో, వాళ్లమ్మ కొంగు పట్టుకోనుండే పిల్లోడు
కాలి కింద అట్ట అంచు లేపి
కొత్తగా చదువొచ్చిన సంబరంతో గెట్టిగా
కూడబలుక్కున్నాడు:
ఒకటి. కొంటే. ఒకటి. ఉచితం.
వరస మొత్తం కిందికి చూసింది.
ఒకామె వంగి తన అట్ట లేపింది.
ఇంకో ముసలాయన చేతికర్రతో లేపినాడు.
గోధుమపిండి, అగరొత్తులు, పండగ ధమాకా.
ఎవురూ ఏమీ అన్లా.
సారు అద్దం లోపల్నించి నాకు టేపు చూపించినాడు.

పోయినా. వాళ్ల కాళ్ల కాడ కూర్చోని
ఒక్కో మూలా అదిమినా.
"నిజమా అక్కా?" అన్నాడు పిల్లోడు.
"పాతది నాయనా" అన్నా,
టేపు పంటితో కొరుక్కుంటా.

రాత్రి ఇంటికొస్తే
నా జెడకు అంటుకున్న లేబులొకటి పీకి
లైటు తట్టు పట్టి చూసి
"చవకే" అన్నాడు మా ఆయన.
దేని ధరో అడగలా.