మూడో నెంబరు గది

నిజాంపట్నంలో బస్సు దిగేసరికి
హార్బరు లైట్లు వెలిగాయి.
ఐసు ఫ్యాక్టరీ ఎదురుసందులో
నాలుగు గదుల లాడ్జి,
పేరు ‘సాగర్ వ్యూ’.
గదికి ఒక్కటే కిటికీ, అదీ రోడ్డు వైపు.

“సముద్రం ఏదమ్మా?” అన్నాను.
మోపిదేవమ్మ చీపురు గోడకి ఆనించి
“పొద్దస్తమానం చూసేదేగా బాబూ,
రేపల్లె బస్సు కనపడాలని ఇటు పెట్టించా” అంది.

రిజిస్టరులో ‘వచ్చిన పని’ అన్నచోట
ఊరికే అని రాశాను.
కళ్లజోడు కొంగుతో తుడుచుకుని చదివింది.
“ఊరికే ఎవరొస్తారిక్కడికి?”
కొట్టేసి, వంకర అక్షరాలతో
రొయ్యలు అని రాసింది.

సరే, రొయ్యల కోసమే వచ్చాను.
గుంటూరు యార్డులో కాటా పక్కన కూచుని
ఇరవైరెండేళ్లు మిరప ఘాటుకి దగ్గిన ఛాతీ ఇది,
ఓ రాత్రికి రొయ్యల వ్యాపారి అయింది.

తాళంచెవి రెండుసార్లు తిప్పి
పర్సు తలకింద పెట్టుకుని పడుకున్నాను.

సముద్రానికి కిటికీ అక్కర్లేదు.
దుప్పట్లో చెమ్మగా ఉంది,
బకెట్టు అడుగున ఇసకగా ఉంది.
అగ్గిపెట్టె సగం ఖాళీ అయినా
ఒక్క పుల్లా వెలగలేదు.

మూడు దాటాక పడవలొచ్చాయి.
ముందు ఇంజన్ల దగ్గు, అచ్చం నాదే,
వెనకే ఆడవాళ్ల గొంతులు.
పాటేమో అనుకున్నాను,
పాటే, వేలంపాట.
కవళ్లు తట్ట నాలుగొందలు, నాలుగు యాభై,
ఐసు దిమ్మ పగిలిన చప్పుడు,
ఎవరినో తిట్టిన తిట్టు,
అది అయిపోయాక కూడా చాలాసేపు
ఒకామె నవ్వు.

పొద్దున్నే చద్దన్నం, ఎండుమెత్తళ్ల పులుసు
గుమ్మంలో పెట్టి వెళ్లింది.
బిల్లులో లేదేమని అడిగితే
“అది లాడ్జి కూర కాదు, ఇంట్లో కూర.”
చేతులకింకా పొలుసులున్నాయి.

సముద్రాన్ని చూడనేలేదు.
బస్సు ముందే వచ్చింది.
కిటికీలోంచి బాగా కనపడింది.

ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే
జేబులో తాళంచెవి.
రేపల్లె బస్సు కండక్టరుని బతిమాలి
చేతికిచ్చి, ఫోను చేశాను.

అవతల నవ్వు. ఆ నవ్వే.

“దానికోసం ఇంత కంగారెందుకు బాబూ,
ఆ తాళం పడక రెండేళ్లయింది,
ఉప్పు తినేసింది.
ఆ రాత్రి తలుపు గాలికి తెరుచుకుంటే
నేనే ఇటుక అడ్డం పెట్టా.
అది సరే,
నిద్ర పట్టిందా లేదా?”