ఒళ్లో సంచి

మా కాలేజీకి హాస్టలు లేదు.
నాలుగుంపావుకి గంట కొడితే
పూర్ణా మార్కెట్ వెనక సందు ఒక్కసారిగా నిండి
ఒక్కసారిగా ఖాళీ అయ్యేది.
గాజువాక గాజువాకకి, పెందుర్తి పెందుర్తికి,
స్నేహానికి మిగిలేది చిల్లరే.

మగపిల్లల సంఘాలకి జెండాలుండేవి,
ఫ్లెక్సీలుండేవి, గంగవరం పిక్నిక్‌కి చందాలుండేవి.
ఫ్రెషర్స్ పార్టీ ఆరింటికని బోర్డుమీద రాసేవారు.
ఆరింటికి మేం
ఎవరింటి కుళాయి వరసలో వాళ్లం.

మా చిల్లర దాచుకున్న చోటు
లేడీస్ వెయిటింగ్ రూమ్.
ఒక బల్ల, కట్టినా కారే కుళాయి,
మొహంలో సగమే చూపించే అద్దం,
గోడకి మేకు, మేకుకి నల్లగొడుగు.
ఎవరిదో ఎవరికీ తెలీదు.
వాన పడితే ఎవరి ఇల్లు బస్టాపుకి దూరమో వాళ్లది,
తెల్లారితే మళ్లీ మేకుది.

మా సంఘానికి పేరు పెట్టలేదు.
ఫీజు ఒక అట్ట పిన్నీసులు.
ప్రమాణం: సీటు దొరికినది
నిలబడ్డదాని సంచి ఒళ్లో పెట్టుకోవాలి.
మొదటిరోజు నా సంచి లాక్కున్నది ఎస్తేరు.
పేరడగలేదు. "ఇంత బరువేటే, ఇటుకలా?" అంది.
కాన్వెంట్ జంక్షన్ దాకా
నా పుస్తకాల మీద గడ్డం ఆనించుకుని నిద్రపోయింది.

స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్ తపస్విని
కోపమొస్తే ఒరియాలో తిట్టేది,
మాకు అర్థం కాలేదని గుర్తొచ్చి
ఓపిగ్గా తెలుగులో మళ్లీ తిట్టేది.
షాహీనా టిఫిను మూత తీస్తే
బల్ల ఆ చివర ఉన్నవాళ్లు ఈ చివరికి జరిగేవాళ్లు.
నూకరత్నం మాత్రం
తినొచ్చానని చెప్పి
చేతులు చున్నీలో దాచుకునేది.

మల్కాపురం అవతల షెడ్డులో
రాత్రి పన్నెండుదాకా రొయ్యలు ఒలిచే చేతులు.
సబ్బుకి పోని వాసన.
మాకు తెలుసు. మాకు తెలుసని తనకీ తెలుసు.
ఆ మాట బల్లమీదకి ఎప్పుడూ రాలేదు.

ఆఖరి ఏడాది డిసెంబర్లో
వాళ్లమ్మ కాలు విరిగి
పదిహేను రోజులు రాలేదు.
జువాలజీ రికార్డు ఖాళీ.
పంచుకున్నాం. నాకు కప్ప గుండె, షాహీనాకి నత్త,
తపస్వినికి వానపాము,
ఎస్తేరుకి బొద్దింక నోరు. "నాకే ఎందుకే బొద్దింక!"
సింధియా గతుకుల్లో నా పెన్సిలు జారి
కప్ప రక్తనాళం ఒకటి
పక్క పేజీలోకి పారిపోయింది.

ప్రాక్టికల్ రోజు
బయటినుంచొచ్చిన ఎగ్జామినరు
కళ్లజోడు నుదుటిమీదకి తోసుకుని పేజీలు తిప్పాడు.
"నాలుగు దస్తూరీలు, అమ్మాయి ఒకర్తే.
ఎవరు రాశారమ్మా?"
మా నలుగురిలో ఒక్కరికీ నోరు పెగల్లేదు.
ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది, దాచను.
నూకరత్నమే అంది,
"ఆళ్లు రాసారండి. నాకు టయిం లేకపోయింది."

ఆయన ట్రేలో రొయ్య పడేసి
అవయవాలు తీసి వరసగా పెట్టమన్నాడు.
మేం పటకారు ఎటు పట్టాలో చూసుకుంటుంటే
ఆ చేతులు చున్నీలోంచి బయటికొచ్చాయి.
పటకారు ముట్టుకోలేదు.
మీసాలు, దవడలు, నడిచే కాళ్లు, ఈదే కాళ్లు,
పంతొమ్మిది జతలు
నల్లకాగితంమీద, ఒక్కటీ విరగకుండా.
పేర్లడిగితే సగం పుస్తకంలోవి చెప్పింది,
మిగతా సగం షెడ్డులోవి.
ఆయన ఏదో రాసుకున్నాడు.
మార్కులో, పేర్లో, మాకు కనబడలేదు.

ఆ సాయంత్రం సీటు దొరికింది నాకు.
తన సంచికోసం చెయ్యి చాపితే ఇవ్వలేదు.
కాన్వెంట్ జంక్షన్‌లో ఎర్రదుమ్ము
కిటికీలోంచి లోపలికొచ్చి అందరి మీదా కూర్చుంది.
బ్రిడ్జి దాటాం.
సింధియా దగ్గర బ్రేకు పడింది,
తను తూలింది,
సంచి నా ఒళ్లో పడేసింది.
"పట్టుకోయే. చెయ్యి నొప్పెడతంది."

సంచికీ అదే వాసన.
గడ్డం ఆనించాను.