దెబ్బకూ దెబ్బకూ నడుమ

ఎర్ర కోటు, జరీ పట్టీ, భుజం మీద కుచ్చులు.
పదేండ్లు అవే కుట్టిన న్యూ పద్మావతి బ్యాండు మేళానికి.
ఈసారి ఓదేలు వచ్చి
కొత్తవాడ దర్రీ గుడ్డ చుట్టను
మిషను మీద దబ్బున వేసిండు.
నలుపు తెలుపు గళ్ళు.
"ఆరు కోట్లు కుట్టక్కా."
దీని మీద కూసుంటరు గానీ తొడుక్కుంటరా?
"మేం తొడుక్కుంటం. ఇది పెండ్లికి కాదు,
మా సొంత పాటలకు. తొమ్మిది.
స్కా అంటరు."
కత్తెర మూసినట్టున్నది పేరు.

మనుషులు పాతవాళ్ళే.
కార్నెట్టు యాకూబ్ పాషా.
క్లారినెట్టు మొండయ్య, ముందు పన్ను ఊడింది,
పై సురానికి పోతే ఈల కూడ కలుస్తది.
పెద్ద డోలు సాలమన్.
గిటారు అతని మేనకోడలు రూతమ్మ,
కాజీపేట షెడ్డుల పగలంత ఇంజన్లు విప్పే పిల్ల.
ఆమె చెయ్యి దెబ్బ మీద పడదు.
దెబ్బకూ దెబ్బకూ నడుమ సందు చూసుకొని
చిటుక్కున పడ్తది,
గంప కింద నుంచి కోడిపిల్ల మెడ బయట పెట్టినట్టు.

మొదలు మట్టెవాడల ఒక బరాత్‌ల
ఆ నడక పరీక్ష చేసిన్రట.
గుర్రం ఆగిపోయింది.
పెండ్లికొడుకు మేనమామ ఐదు నూర్లు కోసిండు.
కానీ ఎనక నడిచే ముసలామె ఒకతి
మోకాళ్ళు మరిచి ఎగిరి అడుగేసిందని
కొలతలిచ్చుకుంట యాకూబ్ చెప్పిండు.
ఛాతీ ముప్పై ఎనిమిది, నవ్వితే నలభై.

రికార్డింగు ఎనుమాముల కాడ,
మిరప గోదాం మీది గదిల.
అందుకే మూడో పాటల తుమ్ము.
తీసెయ్యలే. తుమ్ముకు ముందు ఊపిరి లాగిన సందు
సరిగ్గ తాళంల కూసున్నదట.
ఐదో పాట ఏడు మాత్రల లెక్క. నాకు రాదు.
వినుకుంట తొక్కితే మాత్రం
మిషను తనంతట తనే
ఒక కుట్టు వదిలి ఒక కుట్టు వేసింది.
వదిలిన కుట్టుకు ఎంతమంది పోరలను తిట్టిన్నో.

ఇగ ఎనిమిదోది.
ఆజంజాహీ మిల్లు సైరన్ ఏ సురంల కూసేదో
కనుక్కుందామని ముసలోళ్ళను కూసోబెట్టిన్రు.
రాజీరు తాత ముక్కుతోని ఒకటి తీసిండు.
వైండింగు ఖాతా సాంబలక్ష్మి
"అది గాదు" అని అంతకు కింద ఇంకొకటి.
నాది నిజమంటే నాది నిజం, చాయ చల్లారింది.
మా నాయిన నోరు తెరవలే.
చెయ్యి పైకెత్తి, మెల్లగ దించిండు.
"మోగితే వినలే బిడ్డా, ఉరికిన."

ఇద్దరి సురాలూ ఉంచిన్రు,
ఒకటి కార్నెట్టుకు, ఒకటి ఈల పన్నుకు,
ఒక్కసారే. గీరుకుంటయ్ ఒకదాన్నొకటి.
నాయినది సాలమన్‌కు ఇచ్చిన్రు:
కట్టె పైకెత్తి, కొట్టకుండ దించుడు.
రికార్డుల అది వినపడదు.
అట్ట మీద మాత్రం ఉన్నది,
చెయ్యి: కుసుమ కనకయ్య.

రోజూ పొద్దుమీకి పెట్టమంటడు.
ఆ ఖాళీ కాడికి వచ్చేసరికి
మంచం కింద చెప్పులు దేవులాడుతడు.

కోట్లు గరగర గుచ్చుతున్నయట, అయినా విప్పుతలేరు.
కూలి ఇంక సగం రావాలె.
హనుమకొండ చౌరస్తాల
ఆరు కోట్ల బాకీ వసూలు కావలసిన దర్జీని
నేనొక్కదాన్నే.
అడిగితే రూతమ్మ నవ్వుతది:
"పడ్తదక్కా.
దెబ్బ మీద గాదు,
జెర ఎనక."