టోకెను రెండువందల పన్నెండు

కొర్లగుంటలో యుగంధర్ జిరాక్సు అంగడి
ఆదివారం రాత్రి పదికి సగం షట్టరు దించుకుంటాది.
నడుం వంచి దూరతాం, ఐదుగురం.
గోడకు సెల్లోటేపు వేసిన తెల్ల పంచె,
వాళ్ల నాయనది, జరీ అంచు కనపడకుండా మడిచి.
ప్రొజెక్టరు బాడుగ నూటయాభై,
ఆ రాత్రి ఎవురి బొమ్మ ఆడితే వాళ్లు కట్టుకోవల్ల.

ఒక్కటే కట్టుబాటు:
ఊరికే 'బాగుండాది' అంటే పది రూపాయలు జరిమానా.
ఎందుకు బాగుండాదో చెప్తే మాఫీ.
ఊరగాయ జాడీలో మూడేండ్లకు నూటనలభై చేరింది.
ట్రైపాడు ఇంకా దూరమే.

ఈ వారం నాది. ఏడు నిమిషాలు.
గోవిందరాజుల గుడి వీధిలో చెప్పుల స్టాండు చెంగమ్మ.
పెండ్లిళ్ల స్టూడియో వాళ్లు విసిగి అమ్మేసిన కెమెరా,
కండ్లద్దాలు యాడ పెట్టినాడో తడుముకునే ముసలాయన మాదిరి
ఫోకసు కోసం వెతుక్కుంటానే ఉంటాది.
ఇసక పోసిన పాలప్యాకెట్టు దానికి దిండు.
థర్మోకోలు అట్ట పట్టుకోను వచ్చిన మా చిన్నోడు
గాలి వీచినప్పుడల్లా వెలుగును గోడల పాలు చేసినాడు.
ట్రాలీకి అరటిపండ్ల తోపుడుబండి.
కుడిచక్రం కీచుమనింది,
అదీ సినిమాలో వేషం కట్టింది.

రెండో నిమిషంలోనే షమీమ్ ఆపమనింది.
"గుండ్లన్నీ కాలిపోయినాయి చూడు మే.
మిట్టమద్దేనం, కొండ దిగొచ్చిన గుండ్లు, గంధం ఇంకా ఆరలేదు.
వాటికి సరిపెడితే చెంగమ్మ మొగం బొగ్గు,
ఆమెకు సరిపెడితే గుండ్లు సున్నం.
ఎవురి పక్కనుండావో ముందే తేల్చుకోవల్ల."

రాసుకున్నా.

రాత్రి షాటుకు రెడ్డెప్ప నవ్వినాడు:
"చీకటి నిండా చీమలు పాకతా ఉండాయి.
ఒక బల్బు అడుక్కోరాదా?
అడుక్కుంటే ఈ ఊర్లో నామోషీ ఏముంది!"
ట్యూబులైటు కింద చారలు పోతాంటే
యుగంధర్ షట్టరు లెక్క చెప్పినాడు, యాభై, యాభై అని,
జిరాక్సు మిషను వెలుగులో పుట్టి పెరిగినోడు గదా.

అదీ రాసుకున్నా. పెన్ను నొక్కుడుకు కాగితం చినిగింది.

అప్పుడొచ్చింది ఆ ముక్క.
టీకి పోతా ఆపడం మర్చిపోయిన కెమెరా
పక్కకు ఒరిగి, తనంతట తాను చూసిన నలభై సెకండ్లు.
వరసలో చెప్పులు. చెంగమ్మ కాళ్లు.
అటూ ఇటూ చూసి
టోకెను రెండువందల పన్నెండు, ఎర్ర పూసల చెప్పులు,
వాటిలోకి కాలు పెట్టింది.
రెండడుగులు వేసింది. నిలబడింది.
విడిచి, కొంగుతో తుడిచి, వరసలో పెట్టింది.

"అది పొరపాటున పడింది, తీసేస్తా" అన్నా.
"తీస్తివా, తక్కిందంతా తీసెయ్" అన్నాడు యుగంధర్.
"ఆమెను అడిగినావా?" అనింది షమీమ్.
వంకర ఫ్రేము, గాలి మోత, ఆమె కూలి, ఆమె పరువు,
ఒకరి మింద ఒకరు మాట్లాడితే
పంచె కూడా ఊగులాడింది.

నాలుగు నెలలుగా నోరు తెరవని దొరసామి లేచి
జాడీలో పది నోటు వేసినాడు.
"తీసెయ్" అన్నాడు,
వంగి, షట్టరు కింద నుంచి వెళ్లిపోయినాడు.

తెల్లారి ఆరుకు
అగ్గిపెట్టంత తెరలో చెంగమ్మకు చూపించినా.
బ్యాటరీ ఎర్రగా కొట్టుకుంటాంది.
మొత్తం చూసింది. మళ్లీ పెట్టమనింది.
మళ్లీ చూసింది.

"ఇరుకు మే, అవి నాకు" అనింది,
ఎవురో చాపిన చేతికి టోకెను ఇస్తా.