గరగర

ఫైలు నాలుగువందల పదకొండు.
ఎవరో పెద్దాయన, పరకాల దిక్కు యాస,
ఎండిన బోరు గురించి చెప్తున్నడు.
మాటకూ మాటకూ నడుమ
ఎండు రొట్టె విరిచినట్టు చప్పుడు.

నక్కలగుట్టల మూడో అంతస్తు మీద నా కొలువు ఇదే:
వినుడు, గడిల టిక్కు కొట్టుడు.
సాఫ్. చిన్నగ. రెండు గొంతులు. గరగర.
గరగర అంటే సగం పైసలు,
ఆ మాటలు ఇగ ఎవ్వరూ వినరు.

కొత్తగ చేరిన రవళి అడిగింది:
"అక్కా, బొంగురుకు గరగరకు ఫరక్ ఏంది?"
బొంగురు మనిషిది, గరగర మిషన్‌ది అన్న.
నాకు నేర్పినోళ్లు అట్లనే నేర్పిన్రు.

మా కొత్తవాడ ఇంట్ల ఆ మాటకు ఇంత కట్టడి లేకుండె.
గంజి పెట్టి ఆరేసిన అమ్మ చీర గరగర.
మొగులు పడితే రేడియో గరగర,
నాయిన దాని నెత్తిన ఒక్కటి సరిస్తే వార్తలు వచ్చేటియి.
మగ్గం గుంతల కాళ్లు పెట్టి
నలబై ఏండ్లు జంపఖానాలు నేసి
నూలు దుమ్ము మింగిన నాయిన గొంతు,
అదీ గరగరే.

ఎంజీఎంల డాక్టరు అడిగిండు, ఎప్పటి సంది అని.
"నాకు తెలిసి ఇదే నా గొంతు సారూ,
ముందటిది ఎట్లుండెనో మా ఇంటామెనడుగు."
అమ్మ శానాసేపు యాది చేసుకున్నది.
గుర్తుకొస్తలేదు అన్నది.

ఫోన్ల మిగిలింది పదకొండు సెకండ్లు.
"బిడ్డా, వచ్చేటప్పుడు సున్నం డబ్బ పట్టుకరా, మరువకు."
వెనక మగ్గం. మగ్గం మీద ఆయన.
ఏది కట్టె చప్పుడో ఏది గొంతో
రెండేండ్ల సంది వింటున్న,
విడదీయ రాలె.
జీతం తీసుకునేదే ఆ పనికి.

నాలుగువందల పదకొండు మళ్ల పెట్టిన.
మళ్ల.
మూడోసారికి దొరికింది:
ఆయన పక్కన ఎవరో కూసోని
చాటల పల్లికాయ వలుస్తున్నరు.
ఆయన బోరు ఎండిందన్నప్పుడు
ఆ చేతులు కొంచెంసేపు ఆగినయి,
మళ్ల మొదలైనయి.

దీనికి గడి లేదు.
సూపర్‌వైజర్ అద్దం అవతల టీ తాగుతున్నడు.
"రవళీ, ఇటు రా" అని
హెడ్‌ఫోన్ తీసి ఆమె చెవులకు పెట్టిన.
ఏం వినాల్నో చెప్పలే.