గొంతుక్కూర్చున్న పద్నాలుగేళ్లు

మేమందరం నీ దిక్కు తిరిగి నిలబడేవాళ్లం, వన్నూరమ్మా,
నువ్వొక్కదానివే మా దిక్కు.

గుంతకల్లు రైల్వే గ్రౌండు,
గరిక గూడా మొలవని ఎర్రమట్టి.
మొదటిరోజే కోచ్ పీరాసాబ్ అడిగినాడు:
"ఇంతసేపు గొంతుక్కూర్చుంటే కాళ్లు పట్టవా పాపా?"
"శెనక్కాయ పీకేటప్పుడు
సాలు తెగేదాకా ఇట్లనే గదా సార్.
ఈడ నయం, జరిగే పన్లేదు" అన్నావు.

ఇనుప చువ్వల మాస్కు వెనక
నీ మొగం నాకు ముక్కలుగానే తెలుసు.
తొడల మధ్య దాచిన వేళ్లు మాత్రం బాగా తెలుసు.
ఒక వేలు: నేరుగా.
రెండు: వంపు.
పిడికిలి: ఊపిరి పీల్చుకో, ఏం తొందర.

బేస్‌బాల్ అని ఎన్నిసార్లు చెప్పినా
మీయమ్మ చచ్చేదాకా దాన్ని కిరికెట్టే అనింది.
ఆ కిరికెట్టే టికెట్ కలెక్టర్ కోటు తొడిగింది నీకు,
హుబ్బళ్లికీ బిలాస్‌పూర్‌కీ స్లీపర్ బోగీల్లో తిప్పింది,
మోకాలికి కట్టే పట్టీల సంచే తలగడ.
ఎడమ బొటనవేలు రెండుసార్లు విరిగింది.
కర్నూలు డాక్టరు ఫోటో ఎత్తి చూసి
"నలభై గూడా లేవు నీకు,
ఈ మోకాళ్లు ఎవరివి?" అన్నాడు.
నవ్వినావంట.

స్కోరుబుక్కులో
నీ చేతిలో పడిన బంతికి గుర్తు లేదు,
జారిపోయినదానికే.
పద్నాలుగేళ్లకు ముప్పై ఒకటి. నేనే లెక్కేసినాను.

అందులో ఒకటి బిలాస్‌పూర్‌ది.
ఆఖరి ఆట, మూడో బేసులో వాళ్ల పిల్ల కాచుకోనుంది.
నువ్వు ఒక వేలు చూపినావు.
నేను వంపు వేసినాను.
ఎందుకేసినానో ఇప్పటికీ నాకే తెలీదు,
చేతికి పొగరు అనుకో.
బంతి నీ పట్టీకి తగిలి కంచె దాకా దొర్లింది.
కప్పు పోయింది. గుర్తు నీ పేరు కింద పడింది.
తిరుగు రైల్లో అందరూ నిన్ను తిట్టినారు,
నేను కిటికీలోంచి చూస్తా కూచున్నా.

మొన్న మూడో ప్లాట్‌ఫారం మీద కనిపించినావు,
నల్లకోటు, చేతిలో చలానా బుక్కు.
"అక్కా, ఆ పొద్దు బిలాస్‌పూర్‌లో..." అని ఎత్తుకున్నాను.
కోటు పక్కన
నీ కుడిచెయ్యి పిడికిలి అయింది.

కుట్లు తిరిగిన తీరు చూసి
బంతి పేరు చెప్పేదానివి,
నీకు తెలీకుండా ఉంటుందా.

హంపి ఎక్స్‌ప్రెస్ వస్తోందని మైకు అరిచింది.
నువ్వు వంతెన మెట్లు ఎక్కబోయినావు,
కమ్మీ పట్టుకొని, పక్కవాటుగా,
ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనిచ్చి.